లెక్కకు రాని నీళ్ళు

లోపల ప్రభాకరరావు భిన్నాలు చెబుతున్నాడు. మామూలుగా అతనిది ఇంత పెద్ద గొంతు కాదు, పక్కన కూర్చుని మాట్లాడినా ఇంకోసారి చెప్పమని అడగాలి, కానీ ఇవాళ వెనక కుర్చీలో ఇనస్పెక్టరుగారు కూర్చున్నారు కదా, గోడలు అదిరేట్టు అరుస్తున్నాడు, సగంలో సగం ఎంత, సగంలో సగం ఎంత అని, పిల్లలు పావు పావు అని పాటెత్తుకుంటున్నారు. అతని తర్వాత నేను. గంట కొట్టగానే నేను. మార్కాపురం బోర్డు బడి వరండాలో, పంతుళ్ళు కూర్చునే బల్ల ఖాళీగానే ఉన్నా దానికి కాస్త ఎడంగా నాకోసం వేసిన స్టూలు మీద కూర్చుని ఉన్నాను, ఒడిలో సంచి, సంచిలో రెండు పలకలు, రెండు పొట్లాల ఉప్పు, కాళ్ళ దగ్గర సత్తు చెంబు, చెంబు నిండా నీళ్ళు, నీళ్ళ మీద దుమ్ము పడకుండా తడిగుడ్డ. టీచర్ ట్రైనింగులో ఆఖరి పరీక్ష ఇది. మనది కాని బడిలో, మనకు తెలియని పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి, ఏ పాఠమో ముందురోజు చీటీ తీసి చెబుతారు. నిన్న సాయంత్రం నాకు వచ్చింది ఇంగ్లీషు వ్యాకరణం, లెక్కకు రాని నామవాచకాలు, వాటి ముందు ఎ, యాన్ అనేవి పెట్టకూడదు. వినగానే నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ ఒక్క అక్షరంతో నాకు పాత తగాదా ఉంది. చీటీలయ్యాక ఇనస్పెక్టరు ముస్తాక్ అహ్మద్ గారు మమ్మల్నందరినీ నిలబెట్టి, బోర్డు మీద బొమ్మ గీసి ఇదే వస్తువు అంటే నేను ఒప్పుకోను, వస్తువు పిల్లల కళ్ళ ముందుండాలి, దానితో ఏదైనా చేసి చూపించాలి అన్నారు. అందుకే ఈ చెంబు. నా పాఠానికి ప్రాణం ఈ చెంబులో ఉంది, చెంబేమో గుమ్మం బయట ఉంది.

హెడ్మాస్టరు వెంకటేశ్వర్లు పంతులుగారు చెడ్డవారని అనను. నన్ను చూసి నవ్వారు, స్టూలు వేయించారు, ఎండ తగులుతుందని దాన్ని నీడలోకి జరిపించారు కూడా, అంతవరకూ బాగానే ఉంది, తర్వాత చెంబు చూశారు. చూసి కాసేపు నీళ్ళు నమిలి, "లీదియా, ఐ విల్ గివ్ యూ యాన్ అడ్వైస్" అన్నారు. నేను పెదవి కొరుక్కున్నాను. అడ్వైస్ కూడా నీళ్ళ జాతిదే, దాని ముందు యాన్ కూర్చోకూడదు, ఇంకాసేపట్లో నేను లోపల గదిలో ఇదే చెప్పబోతున్నాను, పాపం ఆయనకు ఎవరు చెప్పాలి. సలహా మాత్రం తెలుగులోనే ఇచ్చారు. "ఆ చెంబు లోపలికి తేవద్దమ్మా. పిల్లల పెద్దోళ్ళు ఊరుకోరు, నాకు మాటొస్తది. మూలన మా మంచినీళ్ళ కుండ ఉండనే ఉంది గదా, బెత్తంతో దూరం నుంచి చూపించు. అయ్యీ నీళ్ళే, ఇయ్యీ నీళ్ళే, ఏందమ్మా తేడా?" ఏంది తేడా. ఎంత బాగా అడిగారు. ఆ ముక్క నేను అడగాల్సింది, నా నోట్లోంచి తీసుకుని ఆయనే అడిగేసి, జవాబు కోసం ఆగకుండా కండువా సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

నేను అనుకున్న పాఠం ఇట్లా ఉంటుంది. ఒక పలక తీసి పిల్లలకు చూపిస్తాను, ఎ స్లేట్. ఇంకో పలక, ఎ స్లేట్. రెండూ పక్కపక్కన పెడితే టూ స్లేట్స్. ఒకటి విడిగా, ఒకటి విడిగా, దేని అంచు దానికి ఉంది, అందుకే లెక్క. ఇప్పుడు చెంబులో నీళ్ళు తీసుకుపోయి వేరే నీళ్ళలో పోస్తే ఏమవుతుంది? రెండు నీళ్ళు అవుతాయా? కావు. నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి, అంచు లేదు, ఏది ముందున్నదో ఏది వచ్చి కలిసిందో ఎవడూ వేలు పెట్టి చూపించలేడు, అందుకే దాని ముందు ఎ పెట్టకూడదు. ఇంత తేలిగ్గా నాకెవరైనా చెప్పి ఉంటే ఆ రోజు నేను అంత ఏడ్చేదాన్ని కాదు. బెత్తంతో చూపిస్తే ఇది ఎట్లా తెలుస్తుంది? బెత్తం చివర ఒక కుండ కనబడుతుంది, ఇంగ్లీషులో ఎ పాట్, అంతే. నీళ్ళు కనబడవు.

మిషన్ బోర్డింగులో చేరిన కొత్తల్లో దొరసానిగారు మా ఊరి గురించి ఇంగ్లీషులో రాయమన్నారు. నేను చాలా ఇష్టంగా రాశాను. మై మదర్ గెట్స్ ఎ వాటర్ ఇన్ ద మార్నింగ్ అండ్ ఎ వాటర్ ఇన్ ద ఈవినింగ్. ఆ వాక్యం కింద ఎర్ర సిరా గీత పడింది. ఆమె తెలుగు బైబిలు తెలుగు, ఆ తెలుగులోనే, "లీదియా, నీళ్ళను లెక్కించుటకు వీలు లేదు" అన్నారు. పిల్లలంతా నవ్వారు. నేను లేచి, మా ఊళ్ళో లెక్కిస్తారండీ అన్నాను. ఎదురు చెప్పానని గోడ వైపు తిప్పి నిలబెట్టారు. గోడకు సున్నం కొట్టి ఉంది, ఆ సున్నం వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది, కన్నీళ్ళు కారుతున్నాయి, ఇవి కూడా లెక్కకు రావు కాబోలు, వీటికీ ఎ వద్దు కాబోలు అనుకుంటూ నిలబడ్డాను. తప్పు నాదే, కాదనను, ఇంగ్లీషు వాళ్ళ భాష, అందులో ఏది ఎక్కడ కూర్చోవాలో వాళ్ళు చెప్పినట్టే వినాలి. మన తెలుగులో నీళ్ళు ఎప్పుడూ గుంపుగానే ఉంటాయి, పాలూ అంతే, వచ్చినాయి పోయినాయి అంటాం, ఒక్క నీరు ఎక్కడా ఒంటరిగా ఇంట్లోకి రాదు. మళ్ళీ మనమే బియ్యం రెండు నీళ్ళు కడగమంటాం, చేనుకు ఇంకో నీళ్ళు పెట్టమంటాం. అదంతా దొరసానిగారికి ఏం తెలుసు. ఆమె బంగళాలో కాచి చల్లార్చిన నీళ్ళు జాడీలో వేరే ఉండేవి, ఆ జాడీ కుళాయి ఆమె తప్ప ఎవరూ తిప్పకూడదు, వంటమనిషి కూడా. నీళ్ళు లెక్కకు రావని చెప్పిన మనిషే ఒక జాడీ తనకు విడిగా లెక్కపెట్టుకుంది. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మాత్రం ద్రాక్షరసం అందరికీ ఒకటే గిన్నెలో తిరిగేది, అది తిరిగినంతసేపూ నేను గిన్నెనే చూసేదాన్ని, దేవుడు నన్ను క్షమించాలి, ప్రార్థన వినేదాన్ని కాదు.

లోపల పావు పోయి ముప్పావు వచ్చింది. ప్రభాకరరావు ఏదో జోకు వేసినట్టున్నాడు, పిల్లలు నవ్వుతున్నారు. ఎండ వరండా అంచు దాటి నా చెప్పుల దాకా వచ్చింది. దాహం. పొద్దున మిషన్ కాంపౌండు నుంచి నడిచి వచ్చాను, చెంబులో నీళ్ళు తొణకకూడదని నడుం బిగబట్టి నడిచాను, దారిలో పలకల బండి ఒకటి ఎదురొచ్చి దుమ్మంతా గొంతులోకి పోయింది. చెంబులో నీళ్ళు తాగొచ్చు, కానీ అవి పాఠానికి. తాగితే తగ్గుతాయి. తగ్గినా నీళ్ళు నీళ్ళే, అదే కదా పాఠం, అని నాకు నేనే నవ్వుకుని, అయినా గుడ్డ తీయలేదు.

మా పల్లె కొనకనమిట్ల అవతల. ఊరి బావి గట్టుకు ఇవతల ఒక బండ ఉంటుంది, ఆ బండ మీద మా పేట ఆడవాళ్ళు కుండలు పెట్టి నిలబడాలి. బావిలో చేద వేయకూడదు, గట్టు ఎక్కకూడదు, నీళ్ళకు వచ్చిన ఊరి ఆడవాళ్ళలో ఎవరికి దయ కలిగితే వాళ్ళు తోడి, మా కుండకు వాళ్ళ బిందె తగలకుండా పైనుంచి పోస్తారు. మా అమ్మ రూతమ్మ. ఆ పేరు ఊళ్ళో ఎవరూ పూర్తిగా పలకరు, చివర అమ్మ పెట్టాలంటే నాలుక తిరగదు వాళ్ళకు. వెంకటసుబ్బులమ్మ గారు మనసున్న మనిషని పేరు, ఆమె వస్తే అమ్మ ముఖం వెలిగేది. "ఏమే రూతీ, పొద్దునేగా పోసింది, మళ్ళా వచ్చినావా?" అనేది ఆమె. "పిల్లకు జరమమ్మా, గొంతు ఎండకపోతాంది, ఇంకొక్క కడవ పొయ్యి తల్లీ" అనేది అమ్మ, నాకు జ్వరమూ లేదు ఏమీ లేదు, పక్కన గుండ్రాయిలా నిలబడి ఉండేదాన్ని, జ్వరం ఉన్నట్టు ముఖం పెట్టమని అమ్మ వెనకనుంచి గిల్లేది. ఒక పొద్దుటి నీళ్ళు, ఒక సాయంత్రం నీళ్ళు. దేనికదే వేరు. పొద్దుటివి వెంకటసుబ్బులమ్మ గారివి, తియ్యగా ఇచ్చినవి, సాయంత్రానివి తిట్టుతో కలిపి పోసినవి, వాటిని ఒకటే అనమంటే ఎట్లా అంటాను? అందుకే ఎ వాటర్ అండ్ ఎ వాటర్ అని రాశాను. అమ్మ నాకు అక్షరాల కంటే ముందు దోసిలి నేర్పింది. చిటికెన వేళ్ళు రెండూ కలుపు, బొటనవేళ్ళు లోపలికి ముడువు, సందు లేకుండా పట్టు, మోచేతులు ఎత్తు, పోసేవాళ్ళ ముఖం చూడవద్దు, కింద చూడు. నాకు చాలా బాగా వచ్చింది. ఒక్క చుక్క కారనిచ్చేదాన్ని కాదు. మా లీదియా దోసిలి పడితే గిన్నె పెట్టినట్టే ఉంటదని అమ్మ పేటంతా చెప్పుకుని మురిసేది, ఆ మురిపెం తలచుకుంటే ఇప్పుడు కడుపు మండుతుంది.

నాయన పేరు గిద్యోను, ఇక్కడికి దగ్గరలోనే పలకల గుంతలో పనిచేశాడు. గుంతలో ఉన్నంతసేపు అది ఉత్త రాయి, నేలంతా రాయి, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియని రాయి, దాని ముందు ఎ పెట్టే వీలు లేదు, పైకి తెచ్చి ఉలి దెబ్బకు పొరలు విడదీసి కోసి చెక్క చట్రం బిగిస్తే అప్పుడు ఎ స్లేట్. ఈ రెండు పలకలూ నాయన తెచ్చినవే, ఒకదాని మూల కాస్త విరిగింది, విరిగినవి కూలివాళ్ళకు ఊరికే ఇచ్చేవాళ్ళు. వర్క్ కూడా నీళ్ళ జాతిదే, ఎ వర్క్ అనకూడదు. నాయన మేస్త్రీ ముందు నిలబడి, ఏదన్నా ఒక పని ఇప్పించండి అయ్యా అని అడిగేవాడు, ఆ ఒక తీసేస్తే ఏం మిగులుతుంది? పని ఉంది లోకంలో బోలెడు, కావలసింది ఆ ఒకటే. న్యూస్ కూడా అంతే. మా పాస్టరుగారు ఎ గుడ్ న్యూస్, ఎ గుడ్ న్యూస్ అని దొరల ముందు చేతులు చాచి చెప్పేవాడు, దొరసాని ముఖం చిట్లించేది. బ్రెడ్, సాల్ట్, రైస్, మిల్క్, వాటర్. జాబితా అంతా తిండీ తాగుడే. ఇవి బోలెడుంటాయి, లెక్క దేనికి అనుకున్నవాళ్ళు కట్టిన వ్యాకరణం ఇది అని ట్రైనింగు స్కూల్లో ఒకసారి అన్నాను, ప్రభాకరరావు భయపడి అటూ ఇటూ చూశాడు. ఇప్పుడు మాత్రం అట్లా అనను. ఆ నియమం నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో నిన్న రాత్రి పాఠం కట్టుకుంటుంటే తెలిసింది, ఎ అనేది చెంబుది, కుండది, కడవది, జాడీది. నీళ్ళది కాదు. ఈ ముక్క ఇంగ్లీషు వాళ్ళు కూడా ఒప్పుకున్నారు, వ్యాకరణం పుస్తకంలో అచ్చు వేశారు, ఇక నేనెందుకు వదులుతాను.

గంట కొట్టడానికి ఇంకా టైముంది. బంట్రోతు కాటమరాజు తూము దగ్గర గ్లాసులు కడిగి వచ్చాడు, తెల్లమీసాలు, మెత్తటి మాట. నన్ను చూసి ఆగాడు. "మొహమంతా వాడిపోయిందే అమ్మాయా. దప్పికైతాందా? రా, దోసిలి పట్టు, పోస్తా" అన్నాడు. నిజంగా జాలితోనే అన్నాడు, అదే నాకు మింగుడు పడటం లేదు, తిట్టి పోసి ఉంటే కోపం తెచ్చుకుని బతికేదాన్ని. వద్దులే పెద్దయ్యా అన్నాను. "చల్లని నీళ్ళు. కొత్త కుండ." వద్దన్నాను. "నాకేంది, నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు. నా రెండు చేతులూ ఒడిలో ఉన్నాయి. చూసుకుంటే చిటికెన వేళ్ళు వాటంతట అవే దగ్గరికి జరిగి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతులు విడదీసి సంచి పట్టీ గట్టిగా పట్టుకున్నాను.

ఊళ్ళో బయలుదేరేటప్పుడు అమ్మ చెప్పిన మాట ఇదే. "వాళ్ళెట్ల పోస్తే అట్ల తాగు తల్లీ. సర్టిఫికెట్టు చేతికొచ్చేదాకా ఓర్సుకో. నీ నోరు మంచిది కాదు, నీ నోరు నాకు తెలుసు." అమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. మా పేట మిషన్ బడిలో ఐదో తరగతి నేనే చెబుతున్నాను, వచ్చే ఏడాది నుంచి సర్టిఫికెట్టు లేనివాళ్ళు పై తరగతి చెప్పకూడదని మిషన్ వాళ్ళు తేల్చేశారు. నేను తప్పితే ఐదో తరగతి మూసేస్తారు, నన్ను అ ఆల దగ్గర కూర్చోబెడతారు, పెద్దపిల్లలు సగం మంది పలకల గుంతకు, సగం మంది గొర్రెల వెనక. ఆ తరగతిని ఇంటింటికీ తిరిగి, తల్లుల కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని నేను కూడగట్టాను. సంతోషమ్మ అని ఒక పిల్ల ఉంది అందులో, ఇంగ్లీషు అక్షరాలు రాస్తే ముత్యాలే, దాని తల్లి దాన్ని రాళ్ళు మోయడానికి పంపుతానంటే నేను గుమ్మంలో అడ్డం పడుకున్నాను. అది నన్ను నమ్మింది. ఇవాళ నేను బెత్తంతో కుండ చూపించి, రెండు పొట్లాల ఉప్పు కలిపి, బుద్ధిగా నమస్కారం పెట్టి బయటికి వస్తే చాలు, ఐదో తరగతి నిలబడుతుంది. ఈ చెంబు లోపలికి తీసుకుపోతే ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవాల్సిందే కావచ్చు. ఇంత తెలిసీ ఇక్కడ కూర్చుని చెంబు వైపు చూస్తున్నాను, నేను ఎట్లాంటి దాన్నో నాకే అర్థం కావడం లేదు.

కుర్చీల చప్పుడు. ప్రభాకరరావు పాఠం అయిపోయింది, చొక్కా వెన్నంతా చెమట, ముఖమంతా నవ్వు. "అయిందక్కా! ఇనస్పెక్టరుగారు రెండుసార్లు తలూపినారు" అన్నాడు, అంటూనే కాటమరాజు వైపు తిరిగి మెట్టు కిందికి దిగాడు. దిగి, వంగి, దోసిలి పట్టాడు. ఎవరూ చెప్పలేదు, దిగమనీ చెప్పలేదు, వంగమనీ చెప్పలేదు. కాటమరాజు ముంత ఎత్తి పోస్తున్నాడు, ధార సగం దోసిట్లోకి, సగం మణికట్టు మీదుగా మోచేతికి, పరీక్షకని కుట్టించుకున్న గంజి చొక్కా చేతుల్లోకి, ప్రభాకరరావు గుటకలు వేస్తున్నాడు, అతనికి దోసిలి పట్టడం సరిగా రాదు, నేనైతే ఒక్క చుక్క కారనిచ్చేదాన్ని కాదు. ఇందాక ఇదే మనిషి ఆ గదిలో సగంలో సగం చెప్పాడు, బెంచీలన్నీ పావు పావు అని ఎదురు అరిచాయి. ఆ గది కిటికీ తెరిచే ఉంది. పిల్లలు చూస్తున్నారు. వాళ్ళకు ఇదేమీ వింత కాదు, పంతులు భిన్నాలు చెప్పాడు, పంతులు దోసిట్లో తాగుతున్నాడు, రెండూ ఒకే పాఠంలో భాగమే వాళ్ళకు. అతను మూతి తుడుచుకుని నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "ఉప్పుతో కానిచ్చెయ్ అక్కా, చెంబు జోలికి పోవద్దు. ఒక్క గంట. సర్టిఫికెట్టు వచ్చినాక మన ఇష్టం" అన్నాడు. మన ఇష్టం. సర్టిఫికెట్టు అతని చేతికి వచ్చేసినట్టే, మరి ఇష్టం ఏదీ, మెట్టు కిందే ఉంది, తడిసిన చొక్కా చేతిలో ఉంది. నాకు అతని మీద కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. నా కొంగు ఇచ్చి తుడుచుకోమన్నాను.

సంతోషమ్మకు నేను ఏం చెప్పబోతున్నాను, అది చెప్పు లీదియా. సర్టిఫికెట్టు సంచిలో పెట్టుకుని పల్లెకు పోయి, ఐదో తరగతి పిల్లలను వరసగా కూర్చోబెట్టి, నీళ్ళు లెక్కకు రావు పిల్లలూ, వాటి ముందు ఎ పెట్టవద్దు అని చెబుతావు. టీచర్, మన ఊళ్ళో లెక్కిస్తారు కదా అని ఆ పిల్ల లేచి అడుగుతుంది. తప్పకుండా అడుగుతుంది, నేను అడిగాను, అది అడగదా? అప్పుడు గోడ వైపు తిప్పి నిలబెడతావా? లేకపోతే, ముందు దోసిలి నేర్చుకో తల్లీ, చిటికెన వేళ్ళు కలుపు, పై చదువులకు అది అవసరం అని చెబుతావా? తరగతి మూసేస్తే మూయనీ, మళ్ళీ గుమ్మాలకు అడ్డం పడుకుంటాను, వేప చెట్టు కిందయినా కూర్చోబెట్టి చెబుతాను. మైలపడిందని వాళ్ళు కుండ పగలగొడతారు, పగలగొట్టనీ, కుమ్మరి ఇంకోటి చేస్తాడు, కుండ లెక్కకు వచ్చే వస్తువే. అమ్మా, నా నోరు మంచిది కాదన్నావు. నిజమే. ఇవాళ నోటితో ఏమీ అనను. ఇనస్పెక్టరుగారు వస్తువుతో చేసి చూపించమన్నారు, చేసి చూపిస్తాను, ఆయన మాట నేను జవదాటను.

గంట కొట్టారు. లీదియా అని పిలిచారు. సంచి భుజానికి తగిలించుకున్నాను, చెంబు ఎత్తి నడుం మీద పెట్టుకున్నాను. "అమ్మాయా, చెంబు! చెంబు!" అన్నాడు కాటమరాజు వెనకనుంచి, నేను ఇంగ్లీషు తెలుగు రెండూ రానట్టు నడిచాను, ప్రభాకరరావు గోడకు అతుక్కుపోయాడు. గది చల్లగా ఉంది. బెంచీల నిండా పిల్లలు, కొందరికి నామాలు, కొందరికి చెవులకు పోగులు, ఒకడి జేబులోంచి రేగుపళ్ళ వాసన. పిల్లలంటే ఎక్కడైనా పిల్లలే, గుండె కాస్త కుదుటపడింది. హెడ్మాస్టరుగారు చెంబు చూసి సగం లేచి, ఇనస్పెక్టరుగారి పక్కన అట్లాగే సగం నిలబడిపోయారు, లేవాలా కూర్చోవాలా తెలియక. పలక ఎత్తాను. వాట్ ఈజ్ దిస్? ఎ స్లేట్! ఇది? ఎ స్లేట్! మూల విరిగింది అని ఒకడు తెలుగులో కలిపాడు. రెండూ కలిపితే? టూ స్లేట్స్! మంచి గొంతులు, ప్రభాకరరావు బాగా మరిగించి పెట్టాడు. చెంబు మీద గుడ్డ తీసి బెంచీల మధ్య నడిచాను, లోపలికి చూడండి, ఏముంది? వాటర్! వాటర్! మెడలు చాచి చూస్తున్నారు. మూలకు వెళ్ళాను. ముక్కాలి మీద కొత్త కుండ, చుట్టూ తడి ఇసుక, మూత మీద బోర్లించిన గ్లాసు. గ్లాసు తీసి కిటికీ మీద పెట్టాను. మూత తీశాను. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, "ఏందమ్మా ఇది, ఏంది చేసేది!" అని హెడ్మాస్టరుగారి గొంతు, గుమ్మంలో కాటమరాజు నీడ. నేను పిల్లలనే చూస్తున్నాను. ఇందులో ఏముంది? వాటర్, అన్నారు ఇద్దరు ముగ్గురు, ఈసారి మెల్లగా. చెంబు వంచాను. మిషన్ కాంపౌండు నీళ్ళు బోర్డు బడి కుండలోకి పోతున్నాయి, ఎంత చప్పుడో, ఇంత చిన్న చెంబులో ఇంత చప్పుడు ఉందని నాకు తెలియదు, ఆఖరి చుక్క దాకా వంచి పట్టుకున్నాను.

నౌ టెల్ మీ. టూ వాటర్స్? ఇనస్పెక్టరుగారి కలం కాగితం మీద ఆగి ఉంది, ఆయన తల ఎత్తలేదు, ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు, ఇక తెలుసుకోవాలని కూడా లేదు. మళ్ళీ తెలుగులో అడిగాను, నావి ఏవి, మీవి ఏవి, లేచి వచ్చి చూపించండి. మొదటి బెంచీలో నామం పెట్టుకున్న పిల్లవాడు మెడ చాచి కుండలోకి చూశాడు, కనుబొమలు ముడిచాడు, ఉన్నట్టుండి ముఖం వెలిగింది, చెయ్యి ఎత్తేశాడు, "రెండు కాదు టీచర్! టూ వాటర్స్ కాదు, ఎ వాటర్ కాదు. వాటర్, అంతే!" అన్నాడు. అన్నాక హెడ్మాస్టరుగారి ముఖం చూశాడు, చేయి కిందికి దించుకున్నాడు, కానీ చెప్పడం అయిపోయింది, ఇక దాన్ని వెనక్కి తీసుకోలేడు. వెరీ గుడ్ అన్నాను. ఆ మాట అంటుంటే తెలిసింది గొంతు ఎంత ఎండిపోయిందో. నాకు దాహంగా ఉంది. పొద్దుటి నుంచి దాహంగా ఉంది. కిటికీ మీది గ్లాసు తీసుకున్నాను, కుండలో ముంచాను, పిల్లలకు ఎదురుగా తిరిగి నిటారుగా నిలబడి, గ్లాసుకు పెదవి ఆనించి తాగుతున్నాను.